అరవై ఒక్క పేపర్ల ట్రెవర్

"నేను గొప్పలకు పోయే రకం కాదమ్మా," అంటూ మొదలెట్టాడు ట్రెవర్. ఆ మాట చెవిన పడగానే కాఫీ బండి నడిపే వాండా, ఇక తనకు అరగంట పని లేనట్టే అనుకుని స్టూలు దగ్గరికి లాక్కుంది.

పిట్స్‌బర్గ్‌లో ఆసుపత్రి కింది అంతస్తు. ఏప్రిల్ వచ్చినా బయట ఇంకా మంచు రాలుతూనే ఉంది. వైద్య విద్యార్థిని నోరీన్ ఒళ్లో ఒక ఫారం ఉంది. దాన్ని అయిదింటిలోగా ప్రొఫెసర్ చేతికివ్వాలి. అందులో రెండే గళ్లు. ఈ ఏడాదే ఆర్థోపెడిక్స్, అంటే ఎముకల వైద్యం, సీటుకు దరఖాస్తు పెట్టుకోవడం, లేదా ఒక ఏడాది ఆగి రీసెర్చి చేసి అప్పుడు పెట్టుకోవడం. "నా దగ్గర ఏడాది ఉంటే ఇరవై రీసెర్చి పేపర్ల మీద నీ పేరు పడుతుంది," అన్నాడు ప్రొఫెసర్. నోరీన్ మార్కులు అటూ ఇటూ కానివి. గతనెల సీట్ల ఫలితాలొచ్చే సోమవారం ఉదయం పై క్లాసు బియాట్రిజ్, సీటు ఎక్కడా రాలేదన్న మెయిలు చూసుకుని వసారాలో గోడకు ఆనుకుని అలాగే కూలబడిపోవడం ఆమె కళ్లారా చూసింది. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు. ఆ ప్రొఫెసర్ దగ్గరే ఏడాది చేసిన ట్రెవర్‌ను అడిగితే తేలుతుందని వచ్చింది.

"నా సంగతీ నీలాగే ఉండేది. సదస్సుకు ఒక్క పోస్టరు, అంతే, ఆదివారం కూర్చుని చేశా. ప్రొఫెసర్ చూసి, ట్రెవర్, ఇంత చక్కగా ఎవరూ చెయ్యలేదన్నాడు. సరే, మరి చేతులు ఊరుకుంటాయా? ఆ నెలలోనే పది పేపర్లు. ఆపరేషన్ గదిలో కుడిచేత్తో రోగి కాలు పట్టుకుని, ఎడంచేత్తో టైపు కొట్టేవాణ్ణి."

"కాలు వదిలెయ్యలేదు కదా?" అంది వాండా.

"వదలడమా! ఒక్కోసారి రెండు కాళ్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద మంచు తుఫాను, డాక్టర్లంతా ఇళ్లకు పోయారు, నేనొక్కణ్ణే రికార్డుల గదిలో ఉండిపోయా. రెండు రోజుల్లో పదకొండు వేల ఫైళ్లు చదివేశా. ఇక్కడి ఫైళ్లు అయిపోతే పక్క ఊళ్ల నుంచి అంబులెన్సుల్లో పంపించారు, సైరన్ మోగించుకుంటూ!"

"లోపల రోగుల్లేరా?" అన్నాడు నోరీన్ పక్కనున్న ఎమెట్, ఆమె క్లాసువాడే.

"రోగులు ఆగుతారయ్యా, పేపరు ఆగదు. మొత్తం అరవై ఒకటి తేలాయి. వైద్య పత్రికల వాళ్లు ఫోన్లు చేసి ఒకటే మొర, బాబూ, కాస్త నెమ్మదించు, సిరా అయిపోతోందని."

ఎమెట్ పకపకా నవ్వాడు. నోరీన్‌కు నవ్వు రాలేదు. అరవై ఒకటి ఉన్నవాడి పక్కన తనకు ఇరవై ఉంటే మాత్రం ఏం లాభం, ఒకటీ లేకపోతే ఇంకేం గతి అనుకుని ఫారం వైపు చూసుకుంది.

"ఇక ఇంటర్వ్యూలా? పన్నెండు చోట్ల పిలిచారు. విమానాశ్రయంలో ఇద్దరు డిపార్ట్‌మెంట్ పెద్దలు నా సూట్‌కేసు చెరో పక్కా పట్టుకుని లాగారు. పిడి ఊడొచ్చింది! ఒకాయనైతే నా చేతి పని చూడాలని తన కాలు తనే విరగ్గొట్టుకోబోయాడు, నేనే ఆపా. చివరికి ఆ ఫలితాల సోమవారం వచ్చేసరికి సీట్లు పంచే కంప్యూటరు నా పేరు దగ్గర ఆగిపోయింది. పన్నెండు ఆసుపత్రులు కొట్టుకుంటుంటే చూడలేక, మీరు మీరు రాజీ పడండి, నేను ఇక్కడే ఏడాదికి తాత్కాలికంగా పని చేసుకుంటానని నేనే తప్పుకున్నా."

"ఎంత త్యాగం నాయనా!" అంది వాండా.

నోరీన్‌కు భయం పుడితే చదవడం అలవాటు. వారం రోజులుగా ట్రెవర్ పేరున్న పేపర్లన్నీ ఒక్కొక్కటే చదువుతోంది. అందుకే నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మీ తుంటి పేపరు చదివానండీ. ప్రొఫెసర్ నాకిస్తానన్నవాటిలో ఒకటి దాని తరువాయే. శుక్రవారం చేరినవాళ్లే ఎక్కువమంది ఎందుకు పోయారు?"

"పోవడమేంటి తల్లీ! ఒక్కరు పోయినా ఒట్టు. అందరూ నాట్యం చేసుకుంటూ వెళ్లారు."

నోరీన్ తెల్లబోయింది. "ఆ పేపరు పేరే 'తుంటి విరిగిన వృద్ధుల మరణాలు' కదండీ," అంది మెల్లగా.

"నాట్యం చేసుకుంటూ ఎక్కడికెళ్లారు నాయనా?" అంది వాండా.

ఎవరూ నవ్వలేదు. ట్రెవర్ మొహంలో నెత్తురు లేదు. చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద పెట్టబోయి, మళ్లీ పట్టుకున్నాడు.

"ఇంటర్వ్యూలో కూడా ఇదే అడిగారు," అన్నాడు.

"మీరేం చెప్పారు?"

"ఇదే చెప్పాను. నాట్యం ఒక్కటి తప్ప." కప్పు కింద పెట్టాడు. "పన్నెండు చోట్ల కాదు. రెండే చోట్ల పిలిచారు. రెండో చోట అడిగినాయన నా పేరెదురుగా ఏదో రాసుకుని, పెన్ను మూత పెట్టేశాడు. వచ్చే శీతాకాలం మళ్లీ ఇంటర్వ్యూలకు వెళ్లాలి. నిద్రలో కూడా ఆ మూత చప్పుడే వినపడుతోంది."

"మరి ఆ తర్వాతైనా మీ పేపరు మీరు చదవలేదా?" అన్నాడు ఎమెట్.

"తెరుస్తాను. ఆయన మొహమే కనిపిస్తుంది. మూసేస్తాను." నోరీన్ వైపు తిరిగాడు. "ఎంతమంది?"

"తొంభై ఒక్కరు."

"అంతమందా," అన్నాడు ట్రెవర్.

నోరీన్ ఫారం తీసి బల్ల మీద పరిచింది. వచ్చే ఏడాది ఆ సోమవారాన్ని తలచుకుంటే భయంగానే ఉంది. ఆ మెయిలు తననూ వసారాలో కూలదోయొచ్చు. అయినా ఒక ఏడాది ధారపోసి, తన పేరున్న పేపరు గురించే ఆ గొంతుతో "అంతమందా" అనడం నేర్చుకోవడం ఆమెకు అంతకంటే భయమనిపించింది. ఈ ఏడాదే అన్న మొదటి గడిలో గుర్తు పెట్టింది. గీత గడి దాటిపోయింది.