భీమేశ్వరరావు గారికి ఎనభై వచ్చింది

మాటలు కోటలు దాటేవాళ్ళను మీరూ చూసే ఉంటారు. మా భీమేశ్వరరావు గారి మాటలు మాత్రం కోటలతో ఆగక సముద్రం దాటి జపాన్ దాకా వెళ్ళొచ్చాయి.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు, పిల్లలకు స్కూళ్ళు లేవు. హైదరాబాద్ ఖాజాగూడలో లింగయ్య చాయ్ బండి దగ్గర అపార్ట్‌మెంట్ వాళ్ళంతా పొద్దున్నే చేరేవారు. ఆ రోజు సుగుణ టీచర్ వచ్చి, పిల్లల్ని సెల్లార్‌లో కూర్చోబెట్టి తను ఇంగ్లీషు చెప్తానని, లెక్కలకి ఎవరైనా కావాలని అంది. భీమేశ్వరరావు గారికి ప్రాణం లేచొచ్చింది. కాకినాడలో నీటిపారుదల శాఖ లెక్కలు చూసి రిటైరై ఇక్కడికొచ్చాక, మీతో పనుందని ఆయన్ని పిలిచిన నాథుడు లేడు. ఈ పని తనకే దక్కాలని మనసు కొట్టుకుపోయింది. అయితే ‘నేను చెప్తానమ్మా’ అని ఒక్క ముక్కతో ఊరుకుంటే ఆయన భీమేశ్వరరావు ఎలా అవుతారు?

“మొన్న మా మేనల్లుడు అవినాష్ జపాన్ నుంచి ఓ ఆట పెట్టె తెచ్చిచ్చి వెళ్ళాడండి, అరచేతిలో ఇమిడిపోతుంది, పుస్తకంలా తెరిస్తే రెండు తెరలు, చిన్న పుల్లతో రాయాలి. మెదడుకి పరీక్ష పెడుతుందిట. అంతా జపాను రాతే, అంకెలొక్కటే మనవి. మొదటిరోజు ఏదో సరదాకి కూర్చుంటే యాభై రెండు వచ్చింది.”

“పాసైనట్టే సార్,” అన్నాడు లింగయ్య, చాయ్ వడగడుతూ.

“పాసేవిటయ్యా, మర్నాడు అరవై ఆరు, ఫస్టు క్లాసు. మూడోనాడు ఎడమ చేత్తో రాస్తే డెబ్బై నాలుగు. ఇక అది ప్రశ్న వేసేలోపలే నేను జవాబు రాసేసేవాణ్ణి, పాపం అది నా జవాబుకి తగిన ప్రశ్న వెతుక్కునేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పెట్టెలో కళ్ళజోడు పెట్టుకున్న తలకాయొకటి ఉంటుంది, పరీక్ష పెట్టేది అదే. అది కళ్ళజోడు తీసి చెమట తుడుచుకుంది.”

“తలకాయకు చేతులేడికెల్లి వచ్చినయ్ సార్?”

“నాకు దణ్ణం పెట్టడానికి మొలిచాయయ్యా. ఆ దణ్ణంతో ఎనభై పడింది. అంతకుమించి వేయడం దాని వల్ల కాలేదు. వారం రోజులు ఆడాను, రోజూ ఎనభయ్యే. పెట్టె వేడెక్కిపోతే మా ఆవిడ కనకలక్ష్మి దాని మీద అప్పడాలు కాల్చింది.”

“తెలంగాణ ఎప్పుడొస్తదో జర అడగకపోయినరా?”

“అడిగాను. చెప్పబోయింది. నేనే టక్కున మూసేశాను. పొద్దున్నే నీకూ నాకూ మాటా మాటా ఎందుకయ్యా, చాయ్ చల్లారిపోతుంది.”

లింగయ్యతో సహా అందరూ నవ్వారు. సుగుణ కూడా నవ్వేసరికి పని ఖాయమనుకున్నారాయన. అక్కడ ఆగినా బాగుండేది.

“ఇది జపాన్‌లో పొక్కిందండి. నలుగురు ప్రొఫెసర్లు విమానమేసుకుని శంషాబాద్‌లో దిగారు. బంద్ కదా, ఆటోల్లేవు, సూట్లూ బూట్లతో రింగురోడ్డెంట నడిచి మన చెరువు దాకా వచ్చారు. నా బుర్ర కొలుద్దామంటే తెచ్చిన టేపు చాల్లేదు. మాతో వచ్చెయ్యండి, మీ బుర్రకి ఊరి మధ్యన మేడ కట్టిస్తామన్నారు. ససేమిరా అన్నాను. నేనొస్తే సుగుణ టీచర్ గారి పిల్లలకి ఎక్కాలెవరు చెప్తారన్నాను.”

“ఆ మాట నేనిప్పుడే కదా సార్ అన్నాను,” అంది సుగుణ.

“ఎనభై వచ్చిన బుర్రకి ఇవాళ్టి సంగతి నిన్ననే తెలియదుటమ్మా?”

బల్ల చివర కిరణ్ పాల్ అంతసేపూ బిస్కెట్ ముంచుకు తింటూ కూర్చున్నాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం, కంపెనీ పంపితే రెండేళ్ళు జపాన్‌లో ఉండొచ్చిన కుర్రాడు.

“ఆ ఆట నేనూ ఆడానంకుల్. మొదట నలభై వచ్చింది, తర్వాత ముప్పై, ఆఖరికి ఇరవై.”

“అయ్యో, రాను రాను తగ్గిపోయిందా?” భీమేశ్వరరావు గారు నిజంగానే జాలిపడ్డారు. “దిగులుపడకు, నేను నేర్పుతాలే.”

“తగ్గాలంకుల్. అవి మార్కులు కావు, ఏళ్ళు. మన మెదడు వయసెంతో చెప్తుందది. ఇరవై వస్తే భేష్. ఎనభైకి మించిన ముసలితనం దాని దగ్గర లేదు.”

లింగయ్య పొంగుతున్న పాలగిన్నె దించాడు.

“గందుకే దండం పెట్టినట్టుంది సార్,” అన్నాడు లింగయ్య. “పెద్దమనిషి అని.”

ఇక నవ్వులు ఆగలేదు. భీమేశ్వరరావు గారు కూడా నవ్వబోయారు కానీ కుదరలేదు. దక్కిందనుకున్న పని చేజేతులా పోగొట్టుకున్నానని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు.

“సార్, పదిహేడు ఎనిమిదులు?” అని అడిగింది సుగుణ ఉన్నట్టుండి.

“నూట ముప్పై ఆరు,” అన్నారాయన తలెత్తకుండానే.

“పందొమ్మిది ఆర్లు?”

“నూట పద్నాలుగు. ఎందుకమ్మా?”

“రేపు పొద్దున్న సెల్లార్‌లోకి వచ్చెయ్యండి, ఎక్కాలు మీరే చెప్పాలి,” అంది సుగుణ. “మార్కులు మాత్రం నేనే వేసుకుంటాను.”