గడ్డకి కులమేంటమ్మా

"నానమ్మా, నీ చెవి కింద ఆ గీతేంటి?" అనా? కూర్చో, చెప్తా. నర్సింగు చదివేదానివి, నీకు చెప్పాల్సిందే. మధ్యలో నవ్వొస్తే ఆగుతా, ఏమనుకోకు.

నేను మన తిరువూరులో జాకెట్లు కుట్టేదాన్ని కదా. మొదలెట్టినప్పుడు జాకెట్టు రెండ్రూపాయలు, నమ్ముతావా? సరే, అది వదిలేయ్. మెడలో టేపు వేసుకుంటే ఎడమ చెవి కింద ఏదో తగిలింది. గోలీకాయంత గడ్డ. నొప్పి లేదు. పన్ను వాపనుకున్నా... కాదు, పన్ను అన్నది మీ తాత, నేను గవదబిళ్ళలనుకున్నా. ఏడాదికి నిమ్మకాయంత అయింది. మీ నాన్న "అమ్మీ, ఇక పద" అని విజయవాడ ఆస్పత్రికి లాక్కుపోయాడు.

పక్క మంచం మీద సీతారావమ్మ గారని, విస్సన్నపేట మామిడి తోటల వాళ్ళు. ఆవిడకీ అదే గడ్డ! కుడి పక్క. పెద్ద డాక్టరు ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. ఇది ఉమ్మి ఊరే గ్రంథిలో గడ్డ, కేన్సరో కాదో తీసి పరీక్ష చేస్తేగానీ తేలదు, మొహాన్ని కదిలించే నరం అందులోంచే పోతుంది, మూతి వంకర పోవచ్చు అని. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని బతికినదాన్ని నేను!

ఇంతలో ఓ చిన్న డాక్టరమ్మ కాగితాలు పట్టుకొచ్చింది. ఏ ఊరు, ఎన్ని తరాల్నించి, ఏ మతం, ఏ కులం అని అడుగుతోంది. సీతారావమ్మ గారికి చిర్రెత్తింది.

"గడ్డకి కులమేంటమ్మా?"

"అలా కాదండి. ఈ గడ్డలు అన్ని దేశాల్లో ఒకేలా రావు. ఎక్కడో ఉత్తరాన మంచులో ఉండేవాళ్ళకి ఇందులో ఒక రకం కేన్సరు ఎక్కువ. రక్తం వల్లో, తిండి వల్లో, ఇంకేదాని వల్లో ఇంకా తేలలేదు. అందుకే రాసుకుంటున్నాం" అంది పాపం.

సరే చెప్పాం. తిండి అడిగితే ఇద్దరిదీ ఒకటే, ఆవకాయ. నీళ్ళు ఒకటే, బోరు నీళ్ళు. మతం దగ్గర మాత్రం ఆవిడదో గడి, నాదో గడి. "బూబమ్మగారూ, మనమే వేరు, గడ్డలు మాత్రం ఒకే బళ్ళో చదువుకున్నాయి" అంది సీతారావమ్మ గారు. అమ్మో, ఆ నవ్వు! ఆపరేషను ముందురోజు అట్లా నవ్విన వాళ్ళని ఆ వార్డులో చూసుండరు.

మర్నాడు వరసగా కోశారు. మెలకువొచ్చాక డాక్టరు "నవ్వండి" అన్నాడు. ఆవిడ చక్కగా నవ్వింది. నాకు ఎడమ పక్క పెదవి కదల్లేదు. ఏడుపొచ్చింది. ఏమే, ఏడుపు కూడా సగం మొహానికే వచ్చింది! ఆవిడ చూసి, కుట్లు చేత్తో పట్టుకుని నవ్వుతానే ఉంది. నర్సు తిట్టింది. నేనూ నవ్వా, ఉన్న సగంతోనే.

వారం తర్వాత రిపోర్టులొచ్చాయి. ఇద్దరికీ కేన్సరు కాదు! సీతారావమ్మ గారు నన్ను పక్కనుంచి కావలించుకుంటే ఆవిడ కట్టు నా కట్టుకి తగిలి ఇద్దరం "అబ్బా" అన్నాం. పెదవి మూడు నెలలకి కదిలింది. అప్పటిదాకా టీ తాగితే సగం కొంగుకే.

అల్లా నిన్ను చల్లగా చూడాలి తల్లీ. రేపు నువ్వూ ఆ కాగితాలు పట్టుకుని వెళ్తావు. ఊరడుగు, కులమడుగు, పర్లేదు, ఎందుకో చెప్పి అడుగు. అడిగాక కాసేపు ఆ మంచం మీదే కూర్చో... మేం ముసలోళ్ళం, చెప్పేవి చాలా ఉంటాయి.