చూసింది చూసినట్టు

అమెరికాలోని విస్కాన్సిన్‌లో జనవరి నెల, సోమవారం మధ్యాహ్నం. గడ్డకట్టిన సరస్సు మీద చెక్క గుడిసె, అందులో మంచును తొలిచిన కంత, కంతలోకి రెండు గాలాలు. ఒక పక్క ఆర్విడ్ సోల్బర్గ్, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను వెతికి ఎంచే పనిలో ముసలివాడైనవాడు. ఎదురుగా అతని కొడుకు కర్ట్, ఒక టీమ్‌లో ఆటగాళ్ల ఎంపిక చూసే జనరల్ మేనేజర్ కింద డిప్యూటీ. చేపలు పట్టడానికి వచ్చిన మొహం కాదు కర్ట్‌ది.

"తలుపు సరిగ్గా వెయ్యరా, గాలి కొడుతోంది."

"వింటున్నావా నాన్నా? తీసేశారంటే! వెండెల్‌ని తీసేశారు!"

"ఏ వెండెల్?"

"ఏ వెండెల్ ఏంటి! మా జనరల్ మేనేజర్, ఇన్నేళ్లూ నా నెత్తిమీద కూర్చున్న వెండెల్ ప్రాట్. సీజన్ అయింది, చిత్తుగా ఓడాం, ఎవడో ఒకడు పోవాలి కదా. పొద్దున్నే ఓనరమ్మ పిలిచి ఇంటికి పొమ్మంది."

"నీ పెళ్లికి తోడుపెళ్లికొడుకు వాడు."

"అప్పుడు మనిషే."

"కాఫీ పోసుకో. ఫ్లాస్కులో ఉంది."

"కాఫీ గోలేంటి నాన్నా! సాయంత్రం ఆవిడ నన్ను రమ్మంది. ఆ కుర్చీ ఇక నాది."

"నీదని ఆవిడ అందా?"

"అనాలా? ఇంకెవరున్నారక్కడ!"

"నీ గాలం కదిలింది... అదిగో, లాగేశావ్! ముట్టకముందే లాగేస్తావేంట్రా?"

"పోతే పోయింది, ఒక చేప."

"ఇంతకీ వాణ్ణెందుకు తీసేసింది?"

"ఆ టెక్సాస్ కుర్రాడి వల్లే. బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ అని తెచ్చుకుంటే ఆ విసరడమే రాలేదు వాడికి. మునిగిపోయాం."

"ఆ కుర్రాడే కావాలని బల్ల గుద్దింది నువ్వు కదరా."

"నేనా? ఎవరన్నారు?"

"నువ్వే అన్నావ్. జూలై నాలుగున మా పెరట్లో, నిప్పుల మీద సాసేజీలు తిప్పుతూ. వెండెల్ వద్దు వద్దంటే నేనే ఒప్పించానని ఛాతీ విరుచుకున్నావ్."

"అన్నాననుకో. ఆఖరి మాట వాడిదేగా? పేపరోళ్ల ముందు తప్పు నాదే అంది వాడేగా?"

"నిన్ను కాయడానికి అన్నాడ్రా."

"కాయమని నేనడిగానా?"

"మరి ఓనరమ్మకి నువ్వేం చెప్పావ్?"

"అడిగింది... చెప్పాను."

"ఏమని?"

"నేను వద్దన్నాను, వాడు వినలేదని."

"కర్ట్!"

"అలా చూడకు నాన్నా! వాడు నాకు చేసింది తక్కువా? నాలుగు టీమ్‌లు నన్ను జనరల్ మేనేజర్‌గా తీసుకుంటామని పిలిచాయి. విందులిచ్చారు, ఊరంతా తిప్పారు. నీ కోడలు జెన్ వెళ్లి పిల్లలకి స్కూలు కూడా చూసొచ్చింది. తెల్లారేసరికి 'సారీ, వేరేవాణ్ణి తీసుకున్నాం'. నాలుగుసార్లూ అదే మాట! రాత్రికి రాత్రి ఎవడో ఫోన్‌లో నా నోట్లో మట్టి కొట్టాడు."

"అది వెండెలేనని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? ఎవణ్ణయినా తీసుకునే ముందు వాడి పైవాణ్ణేగా అడుగుతారు!"

"అడిగారు. వెండెల్ నిన్ను ఆకాశానికెత్తాడు."

"నీకెలా తెలుసు?"

"చూడు, మళ్లీ నీ గాలం..."

"గాలం సంగతి వదిలెయ్! నీకెలా తెలుసు?"

"ఆ టీమ్‌ల ఓనర్లే చెప్పార్రా."

"నీకా? నీకెందుకు చెబుతారు?"

"ఒకడి మీద ఏ కాస్త అనుమానమొచ్చినా నాకే ఫోన్ చేస్తారు. చూసింది చూసినట్టు చెబుతాడు ఆర్విడ్ అని పేరు పడిపోయింది. 'మీ అబ్బాయి గురించి అడుగుతున్నాం, ఏమీ అనుకోకండి' అని మొదలెడతారు పాపం."

"వద్దు నాన్నా. చెప్పకు."

"మంచివాడే, ఒళ్లు దాచుకోడు, రెండో కుర్చీలో వాణ్ణి మించినవాడు లేడన్నాను. మొదటి కుర్చీ మాత్రం ఇవ్వకండి, తొందరపాటు మనిషి, తప్పు తన మీదికొస్తే పక్కవాడి మీదికి తోసేస్తాడు అన్నాను."

"నాలుగుసార్లూ?"

"నాలుగుసార్లూ."

"కన్నతండ్రివా నువ్వసలు? ప్రతి చలికాలం ఇక్కడే, ఈ బల్ల మీదే కూర్చుని ఏడ్చాను కదా, వెండెల్ నాకు గోతులు తవ్వుతున్నాడని! వీపు నిమిరావ్! ఊరుకోరా నాన్నా, ఊరుకో అన్నావ్!"

"అన్నాను."

"ఒక్క మాట అప్పుడే అనుంటే నేను వెండెల్‌ని... వాడికి అన్యాయం..."

"అదే నా వల్ల కాలేదురా. ఊళ్లోవాళ్ల కొడుకైతే మొహం మీదే చెప్పేవాణ్ణి."

"సిగ్గుగా ఉంది నాన్నా. తల కొట్టేసినట్టుంది."

"ఫోన్ జేబులోనే ఉందిగా. వెండెల్‌కి చెయ్యి. ఆ తర్వాత ఓనరమ్మకి చేసి ఉన్నదున్నట్టు చెప్పెయ్."

"చేస్తాను. తప్పకుండా చేస్తాను."

"ఇప్పుడే చెయ్యరా."

"ఇప్పుడు చేస్తే కుర్చీ పోదూ? సాయంత్రం కానీ. ముందు నన్ను అందులో కూర్చోనీ, ఆ తర్వాత వాణ్ణి సలహాదారుగా పిలుచుకుంటాను. జీతం కూడా బాగానే ఇప్పిస్తా. వాడు మంచోడు, అర్థం చేసుకుంటాడు. అంతా సర్దుకుంటుంది."

"సర్దుకుంటుందా?"

"ఎందుకు సర్దుకోదు? ఈసారి అడ్డుపడేవాళ్లు ఎవరున్నారు? ఓనరమ్మకి నేను పదేళ్లుగా తెలుసు, నా గురించి ఇంకొకర్ని అడగాల్సిన పని లేదు."

"పొద్దున్నే నాకు ఫోన్ చేసిందిరా ఆవిడ."

"నీకా? ఏం చెప్పావ్? నాన్నా, నా గురించి ఏం చెప్పావ్?"

"ఇంకా ఏమీ చెప్పలేదు. మావాడు ఇటే వస్తున్నాడు, ఒకసారి చూసి సాయంత్రం లోపల చెబుతానన్నాను."