మాస్టర్ బల్ల మీది సద్ది

"అమ్మమ్మా, నువ్వు ఎప్పుడన్న ఎవర్నన్న పనిలకెల్లి తీసేసినవా?"

ఏందే, గంత మెల్లగ అడుగుతున్నవ్? ఆఫీసుల నిన్ను టీంకు పెద్దను జేసి నెల గాలే, అప్పుడే ఎవర్నో తీసెయ్యమన్నరా? చెప్పకు తియ్, నీ మొఖమే చెప్తుంది. కూసో. ఆ ఫోన్ జెర పక్కకు పెట్టు.

తీసేసిన. ఒక్కన్నే. ఆయనకంటె ముందు తీసెయ్యరాని మనిషిని తీసేద్దును, కొంచెంల తప్పింది. ఇను.

రాంగోపాల్‌పేట్‌ల మన కార్ఖానా నీకు యాదికుంటది గద, మేడ మీద? బడి పిల్లల యూనిఫారాలు కుట్టేటోళ్లం. మీ తాత పోయినంక ఒక్క తొక్కుడు మిషన్‌తోని షురూ జేసిన. అప్పుడు జాకెట్ కుడితె ఎంతిచ్చేటోళ్లు అనుకున్నవ్? ఆ పైసలకు ఇప్పుడు చాయ్ సుత రాదు. సరే, అది ఇడిసిపెట్టు. నేను చెప్పేది మొన్నమొన్నటి ముచ్చట, మెట్రో నడవవట్టినంక. అప్పటికి అన్నీ కరెంటు మిషన్లు, కుట్టేది అందరు ఆడోళ్లు. గుడ్డ కోసేతందుకు రాజలింగం మాస్టర్. ఆయన్ని మా మరిది, అదే మీ చిన్నతాత, తోల్కొచ్చిండు. "వదినె, ఆడోళ్లతోని కార్ఖానా నడవాల్నంటె పైన ఒక మొగోడుండాలె" అన్నడు. మా మరిది జిందగీల నడిపింది ఒక్క స్కూటర్. అది సుత ఎనకనుంచి ఎవరన్న నూకితేనే నడిచేది.

మాస్టర్ చెయ్యి మంచిదే, అబద్ధమెందుకు? పొరలు పొరలు పరిచి కోస్తె అన్నీ ఒక్కతీరుగ వచ్చేటియి. కోసిన ముక్కలు కట్టలు గట్టి మిషన్ మిషన్‌కు పంచేది సుత ఆయనే. ఎన్ని కుడితె అంత కూలి, ఎరికే గద. స్కర్టులైతె జల్ది అయితయి. కాలర్లు, జేబులు పానం తింటయి, పొద్దుందాక కుట్టినా కుప్ప తరగది.

కార్ఖానల ఎప్పుడు జూడు లొల్లే. నా కత్తెర తీసినవని, ఫ్యాను నీ దిక్కే తిప్పుకున్నవని. అందరికంటె పెద్ద నోరు లాలాగూడ నుంచి వచ్చే లక్ష్మిది. "రెండు కొప్పులు ఒక్కకాడ ఇముడుతయా వదినె" అని మా మరిది నవ్వేటోడు. మొగోళ్లు పదిమంది అరిస్తె మీటింగ్, ఆడోళ్లు ఇద్దరు అడిగితె లొల్లి!

ఎండకాలం, సీజన్ నెత్తి మీదుంది. బడులు తెరిచేలోపు బట్టలియ్యకుంటె స్కూలోళ్లు మల్ల మన మెట్లెక్కరు. కార్ఖానా మూతవడ్తె అన్ని ఇండ్లల్ల పొయ్యి ఆరిపోతది. గప్పుడు మాస్టర్ అన్నడు, "భాభీ, లక్ష్మిని తీసెయ్. కార్ఖానా సల్లవడ్తది." నేను సుత పరేషాన్ అయి ఉన్న. సరే అని లక్ష్మిని పిలిచి చెప్పిన.

అది ఏడ్వలే. "పోతా అక్కా. పోయేముందు ఒక్కటడుగుతా. మాస్టర్ బల్ల మీదికి రోజు ఎవరి సద్ది పోతుందో సూసినవా?"

సూడకేంది? పగటీలి అన్నం డబ్బాలు ఇప్పంగనే ఎవరో ఒకరు మంచి కూర తీసి ఆయన బల్ల మీద పెట్టేటోళ్లు. పెద్దమనిషి, మర్యాద అనుకున్న.

"మర్యాద గాదక్కా. మటన్ పెట్టినోళ్లకు స్కర్టులు, పప్పు పెట్టినోళ్లకు జేబులు. నేను పెట్టుడు బంద్ జేసిన, నాకన్నీ కాలర్లే. నా పిల్లలకు వండింది ఈయనకెందుకు పెట్టాలె?"

గప్పుడు సమజైంది నాకు. లొల్లి కత్తెరకు గాదు, ఫ్యానుకు గాదు. పిల్లల నోటికాడి ముక్క తెచ్చి ఆయనకు పెట్టాలె, పక్కామె పెట్టిన ముక్క పెద్దగుందని కుళ్లుకోవాలె. గది ఆయన నడిపిచ్చిన కార్ఖానా! ఆయనేమో పెద్దమనిషి, వీళ్లేమో గయ్యాళులు.

లక్ష్మిని మిషన్ మీద కూసోమన్న. తెల్లారి నేనే కట్టలు పంచిన, అన్ని రకాలు అందరికి వంతులకు. ఆ దినం మిషన్ల సప్పుడు దప్ప ఇంకో సప్పుడు లేదు. పగటీలి మాస్టర్ బల్ల మీదికి ఒక్క గిన్నె సుత పోలే. ఆయన లేసి నా కాడికొచ్చిండు.

"భాభీ, ఆడోళ్లకు భయం లేకుంటె పని నడవది. ఆమెనన్న ఉంచు, నన్నన్న ఉంచు."

సీజన్ల నన్నెట్ల ఇడిసిపెడ్తదని ఆయన ధైర్యం.

"సరే మాస్టర్. ఆమెనే ఉంచుతున్న."

అని ఊకోలే బిడ్డా. ఆయనకు కుర్చీ ఏసి కూసోవెట్టి, మొఖంల మొఖం పెట్టి, ఎందుకో చెప్పిన. మరిదితోని చెప్పియ్యలే, ఫోన్ల చెప్పలే. రావాల్సిన కూలి చేతిల పెట్టి, ఆయన కత్తెర ఆయనకు గుడ్డల చుట్టిచ్చిన. ఆయన మెట్లు దిగుతుంటె ఒక పోరి సప్పట్లు కొట్టవోయింది. "ఒకల అన్నం పోతుంటె సప్పట్లు కొడ్తరానే?" అని గదిరిచ్చిన.

మరిది ఉరికొచ్చిండు. "ఇగ అయిపోయింది వదినె, తాళమేస్కో."

కటింగు నాకొచ్చు, గని చెయ్యి మర్లక చాన్నాళ్లాయె. మొదాలు కోసిన అంగీలకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. లక్ష్మి ఎత్తిపట్టి, "అక్కా, ఈ బడిల పిల్లలు ఒక్కదిక్కే చెయ్యి లేపుతరా?" అన్నది. ఏడ్వాల్సిన కాడ కడుపు పట్టుకొని నవ్వినం. ఇగ ఒకామె సుద్దతోని గీసుడు, లక్ష్మి గుడ్డ పట్టుడు, నేను కోసుడు. తన కట్ట అయిపోయినామె పక్కామె కాలర్లు అందుకున్నది, నేను చెప్పకుండనే. టీం టీం అని నువ్వంటవ్ గద, అందరు గలిసిపోవాల్నని మస్తు హోటళ్లకు తీస్కపోతరు గద మీ ఆఫీసోళ్లు? మేము ఏ హోటలుకు పోలే.

బడులు తెరిచే ముంగటి దినం ఆఖరి మూట ఆటో ఎక్కింది. "అన్నీ సరిపోయినయమ్మా" అని స్కూల్ సార్ ఫోన్ జేసిండు. ఇగ నేను మెట్ల మీదనే కూలవడ్డ. గుండె మీదికెల్లి రోలు దించినట్టాయె. పైకెల్లి ఒకటే నవ్వులు. ఎక్కి లోపటికి పోయిన. నన్ను జూసి ఎవరు నవ్వు ఆపలే, ఎవరు లేసి నిలవడలే. లక్ష్మి జెర జరిగి జాగ ఇచ్చింది, గంతే.

నీ ఆఫీసు సంగతి నాకేం ఎరికె? ఎవర్నన్న తీసే ముందు, ఆడ కట్టలు ఎవరు పంచుతున్నరో సూడు. అయినా తియ్యాల్సే వస్తె, కూసోవెట్టి నీ నోటితోని చెప్పు. నువ్వు లోపటికి పోంగనే నీ కిందోళ్ల నవ్వు ఆగకుండ ఉండాలె బిడ్డా. గట్ల బతుకు. సల్లగుండు.