రొట్టె మందం సందు

ఎల్లారెడ్డిలో ఇంటి ముందు తమ్ముడి పాత మారుతి జాకీ మీద ఉంది. చక్రం ఊడదీసి, పెద్ద బ్రేకులు బిగించాడు. పోచారం మలుపులో కారు ఆగనంటే ఆగనన్న రోజు నుంచి అక్క అందులో కాలు పెట్టలేదు. ఇప్పుడు మాత్రం తమ్ముడు అడిగాడని పిండిముద్దతో ఉరికొచ్చింది.

"చపాతీల పిండి నీకెందుకురా తమ్మీ?"

"పెద్ద బ్రేకు చక్రానికి రాసుకుంటదో లేదో కండ్లకు కనబడదక్కా. బ్రేకు మీద పిండి పెట్టి చక్రం తిప్పితే, నలగంగ మిగిలిన మందమే రెండింటి నడుమ సందు."

"గట్లనే పెడితే చక్రానికి అంటుకుంటది. పొడిపిండి అద్దు."

అద్దాడు. చక్రం బిగించి, చేత్తో తిప్పి, మళ్లీ ఊడదీశాడు.

"నువ్వే చూడక్కా, మందం నీకే ఎరుక."

"పుల్కా అంత పల్చగుంటే?"

"రాసుకుంటది. రొట్టె మందముండాలె."

ఆమె ఆ పిండిని వేళ్ల మధ్య పట్టి చూసింది.

"జొన్నరొట్టె మందముంది."

"నిజంగనా?"

"రొట్టెలు నాకు నేర్పుతవా? రెండో పక్కది గూడ చూసి బిగియ్యి. తాళం ఇటియ్యి."

"ఎటు పోతవక్కా?"

"పోచారం మలుపుకాడికి. ఈసారి నేను నడుపుత, నువ్వు పక్కన కూసొని భయపడు."