ఆ పిలుపు నాది

పండగ భోజనాలయ్యాయి. వంటింట్లో వదిన గిన్నెలు తోముతుంటే, నిన్ననే వచ్చిన ఆడపడుచు వాటి మీద పగ ఉన్నట్టు తుడుస్తోంది. మతిమరుపు ముదిరిన తల్లి పక్కగదిలో ఉంది.

"పొద్దుట్నించీ అమ్మ నిన్నే 'అమ్మా, అమ్మా' అంటోంది వదినా. కన్నకూతుర్ని నేనిక్కడుండగా! ఆ పిలుపు నాది."

"కూతుర్ని పిలిచినట్టు కాదే పిచ్చిదానా. అత్తయ్య నన్ను వాళ్ళమ్మ అనుకుంటున్నారు. జడ వెయ్యమంటారు, నేను గడప దాటితే ఏడుస్తారు."

"మరి నన్నెవరనుకుంటోంది?"

"పోనిద్దూ."

"చెప్పు వదినా."

"తన చెల్లెలివట. నీ ఎర్ర శాలువా చూసి, 'అమ్మా, పండక్కి మంచిది దానికే కొన్నావు' అని మూతి ముడుచుకున్నారు. అన్నం కూడా సరిగ్గా తినలేదు."

ఆడపడుచు తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

"ఈ కుళ్ళు నాకెవరి పోలికో ఇప్పుడు తెలిసింది."

"నాకెప్పుడో తెలుసు."

పక్కగదిలోంచి తల్లి గొంతు వినిపించింది. "అమ్మా! అదింకా వెళ్ళలేదా?"

వదిన బదులు చెప్పబోయింది. ఈలోగా ఆడపడుచు శాలువా తీసి, మడతపెట్టి, వదిన భుజం మీద వేసింది.

"తీసుకెళ్ళి కప్పు. నేనిచ్చానని చెప్పకు. 'అసలు నీకోసమే కొన్నాను' అని చెప్పు."

"నువ్వూ రారాదూ?"

"ఇచ్చింది చాలదా వదినా? అది కప్పుకుని నీకేసి చూసి మురిసిపోతుంటే, నేను కళ్ళారా చూడాలి కూడానా?"