పాలావిడ ఇంట్లో జ్వరం

పిడుదుల జ్వరం గురించి ఇల్లిల్లూ తిరిగి చెబుతున్న నర్సుకి, పాలు పోసే ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి కనిపించింది.

"అడవికి వెళ్లేటప్పుడు ఈ నూనె కాళ్లకి రాసుకోవాలమ్మా. పై వీధిలో ఇద్దరు పోయారు."

"తెలుసు. ఇద్దరూ మా దగ్గర పాలు పోయించుకునేవాళ్లే."

"మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమా?"

"అబ్బే, లేదు."

లోపల ఎవరో మూలిగారు.

"అదేమిటి?"

"గేదె."

"గేదె మంచినీళ్లు అడుగుతోందమ్మా."

ఆవిడ నర్సు ఇచ్చిన నూనె సీసా మూత బిగించింది. "మా ఆయన. సంగతి బయటపడితే మా పాలు ఎవరు పోయించుకుంటారు?"

"ఇది పిడుదు కుడితే వచ్చేదే, మనిషి నుంచి మనిషికి అంటదు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా?"

"పొద్దున్నించీ."

"ఇప్పుడే ఆసుపత్రిలో వేస్తే దక్కొచ్చు."

నర్సు ఫోన్ చేసింది. అంబులెన్సు మోతకి చుట్టుపక్కల కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆవిడ తల వంచుకుంది.

నర్సు వీధంతా వినబడేలా గొంతు పెంచింది. "వదినా, రేపటి నుంచి మా ఇంటికి అర లీటరు పోయండి. మా పాపకి."

ఆవిడ కళ్లు తుడుచుకుని, నర్సుకి మాత్రమే వినబడేలా అంది.

"పాపకైతే నీళ్లు కలపనులే."